గడియారానికి చుట్టాల్లేరు, నిజమే కానీ...

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు. రెండేళ్ళుగా డ్రెస్సాజ్ పోటీలకు వెళ్తోంది, అంటే గుర్రంతో వరసగా కదలికలు చేయిస్తుంటే జడ్జీలు మార్కులేసే పోటీ. పోయిన నెల జరిగిన పోటీలో ఒక జడ్జి 68.2 శాతం ఇస్తే, అదే రైడ్‌కి రెండో జడ్జి 61.9 ఇచ్చారు. మొదటి స్థానం వచ్చిన అమ్మాయి ఆ రెండో జడ్జి దగ్గరే శిక్షణ తీసుకుంటోందని తర్వాత తెలిసింది. గడియారం మీద అడ్డంకులు దూకే షో జంపింగ్ చేసే స్నేహితురాలు మా అమ్మాయితో "గడియారానికి చుట్టాలుండరు, నువ్వూ ఇటు వచ్చేయ్" అంటోంది. మా అమ్మాయి బాగా డీలా పడిపోయింది. జడ్జీలు మార్కులేసే పోటీలన్నీ ఇంతేనా? జంపింగ్‌కో పీపాల చుట్టూ పరుగు తీసే బ్యారెల్ రేసింగ్‌కో మార్చేయమంటారా? మా గుర్రానికి పద్నాలుగేళ్ళు, ఇప్పుడు మారిస్తే తట్టుకుంటుందా? ఫలితాల పట్టిక ఫోటో పంపుతున్నాను.
ఒక తల్లి

జవాబు: ముందు ఆ ఫోటో సంగతే చూద్దామండీ. మీ కోపానికి కారణం అందులో ఉంది, చాలావరకు సమాధానం కూడా అందులోనే ఉంది.

డ్రెస్సాజ్‌లో ఒక్కో అంశానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు, మధ్యలో అర మార్కులు కూడా వేయొచ్చు. స్కూల్ మార్కులకు అలవాటు పడిన మనకి పదికి ఆరు అనగానే మొహం మాడిపోతుంది గానీ, ఈ కొలతలో ఆరంటే సంతృప్తికరం, ఏడంటే ఓ మోస్తరు బాగుంది, ఎనిమిదంటే బాగుంది అని అర్థం. పది చూడకుండానే రిటైరైపోయే రైడర్లు బోలెడుమంది. కాబట్టి పదిహేనేళ్ళ పిల్లకి 61.9 రావడం అవమానమేమీ కాదు, అది ముందు మనసులోంచి తీసేయండి.

ఇప్పుడు ఆ తేడా. 68.2కీ 61.9కీ మధ్య 6.3 శాతం, చూడ్డానికి ఘోరంగా ఉంది. కానీ పదికి అర మార్కు అంటేనే ఐదు శాతం. అంటే ఒక జడ్జి ప్రతి అంశంలోనూ రెండో జడ్జి కంటే ఒక్క అర మార్కు తక్కువ వేసే మనిషైతే, మొత్తంలో ఐదు శాతం తేడా దానంతటదే వచ్చేస్తుంది. ట్రాట్‌లో (గుర్రం మధ్యరకం వేగపు నడక) తిరిగే వలయానికి ఒకరు 6.5 వేశారు, ఇంకొకరు 6 వేశారు, ఇందులో కుట్ర ఏముంది? ఏమీ లేదు. అదే పని ఇరవై అంశాల్లో చేస్తే మాత్రం పట్టికలో చూసేవాళ్ళకి కుట్రలాగే కనిపిస్తుంది.

పైగా ఆ ఇద్దరు జడ్జీలూ చూసింది ఒకే దృశ్యం కాదు. ఒకరు మైదానం అంచున గుర్తుగా పెట్టే అక్షరాల్లో పొట్టి వైపున్న సి దగ్గర కూర్చుంటారు, ఇంకొకరు పొడుగు వైపు మధ్యలో, ఇ దగ్గరో బి దగ్గరో. గుర్రం మధ్య గీత మీద వంకర్లు పోకుండా తిన్నగా వస్తోందా లేదా అనేది సి దగ్గరున్నవాళ్ళకి బాగా తెలుస్తుంది. అదే గుర్రం మధ్యలో ఆగినప్పుడు ఒక వెనక కాలు అడుగు దూరంలో మిగిలిపోయిందనుకోండి, సి దగ్గరున్నవాళ్ళకి ముందు కాళ్ళే అడ్డం, పక్కనున్న జడ్జికి మాత్రం అది పొల్లుపోకుండా కనిపిస్తుంది. అడుగు పొడవు, వెనక గిట్ట ముందు గిట్ట ముద్రను దాటి పడుతోందా లేదా అన్నది కూడా పక్క నుంచే బాగా తెలుస్తుంది. పెద్ద పోటీల్లో ఐదుగురినో ఏడుగురినో చుట్టూ కూర్చోబెట్టేది అందుకే. మీ అమ్మాయికి జడ్జీలిచ్చిన మార్కుల షీట్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని, తేడా ఏ అంశాల్లో ఎక్కువ వచ్చిందో చూడండి. ఆగే చోట, అడుగులు సాగదీసే చోట పక్క జడ్జి బాగా తక్కువ వేసి ఉంటే అది కూర్చున్న చోటు వల్ల వచ్చిన తేడా. అన్నింట్లోనూ సమానంగా తక్కువుంటే ఆ మనిషి చెయ్యి బిగువు. పొంతన లేకుండా ఎక్కడ పడితే అక్కడ తక్కువుంటే అప్పుడు అనుమానించొచ్చు.

ఇక మీరు అసలు అడగాలనుకుని పూర్తిగా అడగలేకపోయిన ప్రశ్న. ఆ రెండో జడ్జి తన శిష్యురాలికి ఎంతిచ్చారు? మీ ఫోటోలో ఉంది: మొదటి జడ్జి ఆ అమ్మాయికి 71.4, రెండో జడ్జి 67.5. తేడా 3.9. పట్టికలో మిగతా చాలామందికి తేడా ఐదు, ఆరు మధ్య ఉంది, మీ అమ్మాయికి 6.3. అంటే రెండో జడ్జి అందరికీ తక్కువే వేశారు, తన శిష్యురాలికి మాత్రం ఆ కోత కాస్త తగ్గించారు. మీ అమ్మాయితో పోలిస్తే ఆ మొగ్గు 2.4 శాతం, ఒక్కో అంశానికి పావు మార్కు. ఒక్క పోటీ చూసి ఇది పక్షపాతమని తేల్చలేం. రోజూ చూసే గుర్రం కదా, దాని మంచి లక్షణాలు కంటికి త్వరగా ఆనతాయి, కావాలని చేయనక్కర్లేదు. ఇంకోటి, మీకు నచ్చకపోవచ్చు గానీ చెప్పాలి: ఆ రెండో జడ్జి మార్కులు మొత్తం కొట్టేసి మొదటి జడ్జివి మాత్రమే లెక్కేసినా ఆ అమ్మాయే ముందుంటుంది, 71.4కి 68.2.

అలాగని ఆ జడ్జి అక్కడ కూర్చోవడం సరైనదేనా? కాదు. మార్కులు నిజాయితీగా వేశారా లేదా అన్నది వేరే సంగతి, తన దగ్గర శిక్షణ తీసుకుంటున్న రైడర్‌కి మార్కులేయడానికి ఒప్పుకోవడమే తప్పు. అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఈఐ దగ్గర్నుంచి చాలా దేశాల సమాఖ్యల దాకా దీని మీద నిబంధనలున్నాయి. ఫిర్యాదు చేయాలనుంటే "మార్కులు తక్కువేశారు" అని చేయకండి, అది చెల్లదు. జడ్జి కళ్ళతో చూసి వేసిన మార్కు మీద అప్పీలు ఉండదు, ఉండకూడదు కూడా, లేకపోతే ఏ పోటీ సాయంత్రానికి ముగియదు. "ఫలానా జడ్జికి ఫలానా రైడర్‌తో శిక్షణ సంబంధం ఉంది, ఇది నిబంధనకు విరుద్ధం" అని, మీ సమాఖ్య నిబంధన సంఖ్య వేసి, రాతపూర్వకంగా ఇవ్వండి. ఈసారికి గడువు దాటిపోయే ఉంటుంది, ఎందుకంటే ఫలితాల మీద అభ్యంతరాలకు ఇచ్చే టైమ్ చాలా తక్కువ, ఎఫ్‌ఈఐ పోటీల్లో అయితే ప్రకటించిన అరగంట లోపే చెప్పాలి, డిపాజిట్ కూడా కట్టాలి. అయినా నిర్వాహకులకి ఒక ఉత్తరం పెట్టండి, వచ్చేసారి ప్యానెల్ వేసేటప్పుడైనా చూసుకుంటారు. మీ అమ్మాయి ముందు మాత్రం ఆ జడ్జిని తిట్టకండి. పిల్లకి తన రైడింగ్‌లో లోపం వెతుక్కోవడం కంటే ఆయన్ని తప్పుపట్టడం చాలా సుఖంగా ఉంటుంది, ఆ అలవాటు పడితే ఇక నేర్చుకోదు.

సరే, జడ్జీల చరిత్ర శుభ్రంగా ఉందని మాత్రం నేను అనను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ గుర్రపు పోటీలు ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనల వల్ల స్టాక్‌హోమ్‌లో జరిగాయి. అక్కడ డ్రెస్సాజ్‌లో జర్మన్ జడ్జి ముగ్గురు జర్మన్లను మొదటి మూడు స్థానాల్లో పెడితే, స్వీడన్ జడ్జి ముగ్గురు స్వీడన్ రైడర్లను మొదటి మూడు స్థానాల్లో పెట్టారు. ఇద్దరూ సస్పెండయ్యారు, 1960 రోమ్‌లో డ్రెస్సాజ్ టీమ్ పోటీయే లేకుండా పోయింది. అంతకుముందు 1932 లాస్ ఏంజెలెస్‌లో స్వీడన్ రైడర్ బెర్టిల్ సాండ్‌స్ట్రోమ్ రెండో స్థానంలో ఉండి చివరికి పడిపోయాడు, గుర్రాన్ని నాలుకతో టక్ టక్ మని అదిలించాడన్న ఆరోపణ మీద. అతనేమో ఆ చప్పుడు నా జీను కిర్రుమన్నదే అన్నాడు! నాకైతే ఇప్పటికీ నవ్వొస్తుంది, పాపం అతనికి మాత్రం వచ్చి ఉండదు. ఇవి పాత కథలు అనుకుంటే, ఈమధ్య కాలపు అంతర్జాతీయ డ్రెస్సాజ్ మార్కుల్ని పరిశీలించిన పరిశోధకులు కూడా జడ్జీలు సొంత దేశం వాళ్ళకి కాస్త ఎక్కువ వేస్తున్నారనే తేల్చారు.

ఇంతకంటే నాకు పెద్దగా అనిపించే తప్పు ఇంకోటుంది, దాని గురించి ఓడిపోయినవాళ్ళు కూడా పెద్దగా మాట్లాడరు. గుర్రం ముక్కు నిటారు గీతకు కాస్త ముందుండాలని డ్రెస్సాజ్ నియమంలోనే రాసి ఉంది. కళ్ళెం బిగించి, మెడ వంచి, ముక్కు గీతకు వెనక్కి పోయిన గుర్రాలకి మంచి మార్కులు పడటం పెద్ద పోటీల్లోనే చూస్తున్నాం. ముందు కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తుంటే జనం చప్పట్లు కొడతారు, వీపు బిగుసుకుపోయిన సంగతి ఎవరికీ పట్టదు. రూలు ఒకటి చెప్తుంటే మార్కులు ఇంకోదానికి పడటం అందరికీ సమానంగా జరిగినా అన్యాయమే, ఎందుకంటే రూలు నమ్మి నేర్చుకున్న రైడరే అక్కడ నష్టపోతారు.

ఇప్పుడు మీ అమ్మాయి స్నేహితురాలి గడియారం దగ్గరికి వద్దాం.

గడియారం అబద్ధం చెప్పదు. టోక్యో ఒలింపిక్స్ షో జంపింగ్ వ్యక్తిగత ఫైనల్లో బెన్ మాహర్ 37.85 సెకన్లు, పెడర్ ఫ్రెడ్రిక్సన్ 38.02 సెకన్లు. 0.17 సెకన్లు, రెప్పపాటు కూడా సరిగ్గా పట్టని తేడా, దాంతో బంగారం ఒకరికి, వెండి ఒకరికి. ఇక్కడ ఎవరూ ఎవర్నీ అనుమానించలేరు, అది నిజంగా గొప్ప సుఖం. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. ఓడినా "నేను లోపలి మలుపు తీసుకోలేదు, ఆమె తీసుకుంది" అని చెప్పుకుని నిద్రపోవచ్చు.

కానీ స్కేలు ఎంత నిక్కచ్చిగా ఉన్నా ఏది కొలవాలో స్కేలు చెప్పదు కదా. షో జంపింగ్‌లో ఎంత టైమ్‌లో రావాలో ఎలా నిర్ణయిస్తారో చూడండి. కోర్సు (అడ్డంకులు పెట్టిన దారి) గీసినాయన గుర్రం వెళ్ళే దారి ఇదీ అని తాను ఊహించుకుని, కొలిచే చక్రం తోసుకుంటూ నడుస్తారు. 500 మీటర్లు వచ్చిందనుకోండి, నిమిషానికి 375 మీటర్ల వేగం చొప్పున 80 సెకన్లు ఇస్తారు. అదే మనిషి మలుపుల్లో చక్రాన్ని కాస్త లోపలికి తోసి 480 అని తేలిస్తే 77 సెకన్లు. ఆ మూడు సెకన్లలో పెద్ద అంగల గుర్రాలు బయటపడతాయి, పొట్టి అంగల గుర్రాలు పెనాల్టీలో పడతాయి. రెండు అడ్డంకుల మధ్య దూరం ఎంతుండాలి, ఆరు అంగలా లేక ఐదున్నరా అన్నది కూడా ఆయన చేతిలో పనే. మార్కు వేయకుండానే కోర్సు గీసే మనిషి ఏ గుర్రానికి ఆ రోజు కలిసొస్తుందో చాలావరకు నిర్ణయించేస్తారు. అదీ పిల్లలు నిద్ర లేవకముందే.

ఇంకా చూడండి. నీటి జంప్ అంచున పట్టీ మీద గిట్ట పడిందా లేదా చెప్పేది పక్కన నిలబడ్డ మనిషే. గుర్రం ఆగిన వెంటనే దూకిందా, లేక ఎక్కువసేపు ఆగిపోయిందా, వెనక్కి అడుగు వేసిందా అన్నదీ మనిషే చెప్పాలి, మొదటిది పర్వాలేదు, మిగతావాటికి నాలుగు పెనాల్టీలు. ఒకరి గుర్రం పోల్‌ని (అడ్డంకి మీద పెట్టే కర్రని) గట్టిగా తన్నినా అది ఆనించిన కప్పులో గిరగిరా తిరిగి అక్కడే ఉండిపోతుంది, ఇంకొకరి గుర్రం తోక తగిలినట్టు తగిలితే పడిపోతుంది. జంప్‌ఆఫ్‌లో (సమానంగా నిలిచినవాళ్ళ మధ్య పెట్టే ఇంకో రౌండ్) చివర వెళ్ళేవాళ్ళకి ముందువాళ్ళ టైమ్ తెలుసు, ఎంత రిస్క్ తీసుకోవాలో తెలుసు, మొదట వెళ్ళేవాళ్ళు చీకట్లో రాయి వేసినట్టే.

బ్యారెల్ రేసింగ్ దీనికంటే శుభ్రమైన గడియారం పోటీ. మూడు పీపాలు, మూడు ఆకుల ఆకారంలో చుట్టి రావడం, పీపా పడితే చాలా పోటీల్లో అయిదు సెకన్లు కలుపుతారు, అంతే. ఎలక్ట్రానిక్ కన్ను సెకనులో వందో వంతు, వెయ్యో వంతు దాకా లెక్కేస్తుంది. కానీ అక్కడ నేల చూడండి. కొన్ని గుర్రాలు పరిగెత్తాక ట్రాక్టర్ వచ్చి మట్టి చదును చేస్తుంది. చదును అయిన వెంటనే వెళ్ళిన గుర్రానికి గట్టి పట్టు దొరుకుతుంది. దానికి ముందు చివర్లో వెళ్ళిన గుర్రం, పీపాల చుట్టూ అందరూ తవ్విపోసిన గోతిలో జారుతూ తిరగాలి. వందో వంతుల మీద గెలుపోటములుండే పోటీలో ఇది చిన్న విషయమా? లాటరీలో వచ్చిన వరస సంఖ్య ఏ జడ్జి పక్షపాతానికీ తీసిపోదు, కాకపోతే సంఖ్య మీద ఎవరికీ కోపం రాదు. ఆ పోటీలవాళ్ళే వేగం గుర్రాలు కొనుక్కోలేని వాళ్ళ కోసం ఇంకో ఏర్పాటు కూడా చేసుకున్నారు: అన్నింటికంటే వేగమైన టైమ్‌కి అర సెకను వెనక నుంచి రెండో డివిజన్, సెకను వెనక నుంచి మూడో డివిజన్, ఇలా విడగొట్టి ఒక్కోదానికి విడిగా బహుమతులు. మంచి ఆలోచనే. దాంతోపాటే కావాలని నెమ్మదిగా వెళ్ళి కింది డివిజన్‌లో బహుమతి కొట్టేసే తెలివితేటలూ పుట్టుకొచ్చాయి.

గడియారం కూడా చివరికి మనుషుల బల్ల మీదికి ఎలా వస్తుందో చెప్పడానికి 2004 ఏథెన్స్ చాలు. ఈవెంటింగ్‌లో (డ్రెస్సాజ్, ఆరుబయట అడ్డంకులు దాటే క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిపిన పోటీ) జర్మనీ రైడర్ బెట్టీనా హాయ్ జంపింగ్ రౌండ్ మొదలుపెడుతూ స్టార్ట్ లైన్‌ని రెండుసార్లు దాటింది. బోర్డు మీద గడియారం రెండోసారి దాటినప్పుడు మళ్ళీ మొదట్నుంచి మొదలైంది. జడ్జీలు మొదటిసారి దాటిన దగ్గర్నుంచే లెక్కేసి టైమ్ పెనాల్టీ వేశారు. అప్పీల్ కమిటీ అది తీసేసింది, పతకాలు కూడా ఇచ్చేశారు. తర్వాత క్రీడల మధ్యవర్తిత్వ కోర్టు ఆ పెనాల్టీని మళ్ళీ వేసింది. దాంతో టీమ్ స్వర్ణం ఫ్రాన్స్‌కి, వ్యక్తిగత స్వర్ణం బ్రిటన్ రైడర్ లెస్లీ లాకి వెళ్ళాయి. గడియారం పని గడియారం చేసింది. ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గర మూడు చోట్ల మనుషులు కూర్చుని ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరు తిప్పేశారు. వీటన్నిటికంటే తేలిగ్గా ఉండాల్సింది ఎవరు ముందొచ్చారు అనే పోటీ కదా, 2019లో అమెరికాలో కెంటకీ డెర్బీ గుర్రప్పందెంలో మాగ్జిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం అన్నిటికంటే ముందు గీత దాటింది, మిగతా గుర్రాల దారికి అడ్డొచ్చిందని స్టీవార్డులు (పందెం పర్యవేక్షకులు) వీడియోలు చూసి దాన్ని వెనక్కి నెట్టి కంట్రీ హౌస్‌ని గెలిచినట్టు ప్రకటించారు.

కాబట్టి జడ్జి పోటీ అన్యాయం, గడియారం పోటీ న్యాయం అనే విభజన నాకు ఒప్పుకోబుద్ధి కాదు. రెండింట్లోనూ మనిషి ఉన్నాడు. డ్రెస్సాజ్‌లో అతను మీ కళ్ళెదురుగా కుర్చీలో కూర్చుని సంతకం పెడతాడు, అందుకే తిట్టుకోవడం తేలిక. గడియారం పోటీలో అతను ముందే వచ్చి తన పని చేసేసి వెళ్ళిపోయుంటాడు. నేనైతే ఏ పోటీ గురించైనా అడిగేది ఒకటే: ఓడినవాళ్ళకి ఎందుకు ఓడారో తెలుస్తోందా? ఈ విషయంలో డ్రెస్సాజ్ నిజానికి ఉదారమైన ఆట. ప్రతి అంశానికీ మార్కు, పక్కన కారణం, చివర్లో సంతకంతో షీటు ఇంటికి వస్తుంది. మనం ఆ రెండో జడ్జి మీద ఇంత లెక్క కట్టగలిగింది కూడా మార్కులు ఇలా కాగితం మీద ఉండబట్టే. కోర్సు గీసినాయన చక్రం ఎక్కడ తోశారో చెప్పే కాగితం ఎవరికీ ఇవ్వరు.

గడియారంలో నాకు నచ్చని పెద్ద విషయం ఇంకోటి ఉంది, అది న్యాయం గురించి కూడా కాదేమో. గడియారం గుర్రాన్ని అడగదు. నోరు తెరుచుకుని, తల పైకెత్తి, కళ్ళెం లాగుడుకి మెలికలు తిరుగుతూ వచ్చిన గుర్రమైనా, ఉల్లాసంగా చెవులు ముందుకు పెట్టి వచ్చిన గుర్రమైనా, అంకె ఒకటే. కొరడా హద్దులు, నోట్లో రక్తం కనిపిస్తే చర్య తీసుకోవడం లాంటి రూల్స్ ఉన్నాయి, కానీ అవి అడ్డుగోడలు మాత్రమే, బాగా తొక్కినవాళ్ళకి ఒక్క సెకను కూడా ఎక్కువివ్వవు. ఈ సంగతి తెలిసే దూరప్రయాణపు ఎండ్యూరెన్స్ పోటీల్లో గడియారాన్ని ఒంటరిగా నమ్మలేదు. ప్రతి దశ చివరా గుర్రం గుండె వేగం నిర్ణీత అంకెకి, మామూలుగా నిమిషానికి 64కి, దిగితే గానీ వెటర్నరీ తనిఖీ దాటదు, అందరికంటే ముందొచ్చినా తనిఖీలో కుంటుతోందని తేలితే ఇంటికే. ఈవెంటింగ్‌లో క్రాస్ కంట్రీకి అత్యంత వేగం బదులు నిర్ణీత టైమ్ పెట్టడం వెనక కూడా ఇదే ఆలోచన ఉంది, దానికంటే ముందొచ్చినా అదనపు లాభం లేదు.

మీ అమ్మాయికి జంపింగ్ మీద నిజంగా మనసుంటే వెళ్ళనివ్వండి. స్నేహితురాలు ఎత్తు దూకుతుంటే చూసి కాళ్ళు దురదపెడుతున్నాయంటే సంతోషం. కానీ ఆ 61.9 నుంచి పారిపోవడానికి వెళ్తే ఆరు నెలల్లో ఓ పోల్ పడిపోతుంది, ఓ టైమ్ పెనాల్టీ వస్తుంది, అప్పుడు ఇంకెటు పారిపోతుంది? ఒక్క ప్రశ్న అడిగి చూడండి తనని: మార్కులే లేకపోతే ఏది చేస్తావు? వెంటనే జవాబు చెప్పకపోతే ఒత్తిడి చేయకండి.

రెండూ రుచి చూడాలంటే మధ్య దారులున్నాయి. వర్కింగ్ ఈక్విటేషన్ అని ఒక పోటీ ఉంది, నాకు చాలా ఇష్టం. గేటు తీసి వేయడం, వంతెన దాటడం, గుంజల మధ్య మెలికలు తిరగడం లాంటి అడ్డంకుల్ని ఒకసారి జడ్జి ముందు నాణ్యత కోసం చేస్తారు, తర్వాత అవే తరహా అడ్డంకుల్ని గడియారం మీద వేగం కోసం చేస్తారు, దానికి ముందు ఒక డ్రెస్సాజ్ రౌండ్ కూడా ఉంటుంది. ఒకే గుర్రం, ఒకే రైడర్, రెండు వేర్వేరు ఫలితాలు. నాణ్యతలో మొదటొచ్చినవాళ్ళు వేగంలో ఏడో స్థానంలో ఉంటారు, ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు, కొలిచింది వేరు, అంతే. మీ అమ్మాయి ఒక్కరోజు ఇందులో పాల్గొంటే నా ఈ జవాబంతా చదవక్కర్లేదు.

ఈవెంటింగ్‌లో కూడా ఈ రెండు కొలతల మధ్య మారకం రేటు బయటికే రాసి ఉంటుంది: డ్రెస్సాజ్‌లో 70 శాతం వస్తే 30 పెనాల్టీలతో మొదలుపెడతారు, క్రాస్ కంట్రీలో టైమ్ దాటిన ప్రతి సెకనుకి 0.4 కలుస్తుంది, జంపింగ్‌లో ఒక పోల్ పడితే 4. అంటే పది సెకన్ల ఆలస్యం, ఒక పోల్, డ్రెస్సాజ్‌లో నాలుగు శాతం, మూడూ సమానం. ఈ ధర ఎవరు పెట్టారు, ఇదే ఎందుకు అంటే మళ్ళీ మనుషులే, కమిటీలే, వాదనలే. కానీ ధర గుమ్మం మీద రాసి ఉంది, లోపలికొచ్చాక ఎవరూ మార్చరు.

డ్రెస్సాజ్‌లోనే ఉంటానంటే, మీరు చేయాల్సిన పని ఒకటి చెప్తాను, పిల్లది కాదు, మీది. జడ్జి పక్కన కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు షీటు మీద రాసే మనిషి ఒకరుంటారు, చాలా చోట్ల ఆ పనికి మనుషులు దొరక్క నిర్వాహకులు తంటాలు పడుతుంటారు. మీ అమ్మాయి పాల్గొనని క్లాసుకి వెళ్ళి మీరు రాయండి. జడ్జి ఎంత వేగంగా నిర్ణయం తీసుకోవాలో, ఒక అంశం గురించి చెప్తుండగానే తర్వాతది అయిపోతుంటే ఎలా ఉంటుందో, ఎక్కడ తడబడతారో, ఎక్కడ నిజంగా గొప్పగా చూస్తారో ఒక్క పూటలో తెలుస్తుంది. అక్కడ రెండు సంగతులు మీకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒకటి, పెద్ద నడకల ఖరీదైన గుర్రాలకి మార్కులు నిజంగానే తేలిగ్గా పడతాయి, అది అబద్ధం కాదు. రెండు, మామూలు గుర్రాల రైడర్లు పోగొట్టుకునే మార్కుల్లో చాలా గుర్రం నడకతో సంబంధం లేనివి: 20 మీటర్ల వలయం కోడిగుడ్డు ఆకారంలో తిప్పడం, అక్షరం దాటిపోయాక ట్రాట్ మొదలుపెట్టడం, మూలల్లోకి వెళ్ళకుండా కోసేయడం, ఆగినప్పుడు నాలుగు కాళ్ళ మీద సమానంగా నిలబడకపోవడం. వీటి మార్కులు ఏ జడ్జి అయినా ఇవ్వక తప్పదు. రెట్టింపు గుణకం ఉన్న అంశాలు ఏవో షీటు మీదే రాసి ఉంటుంది, సాధన అక్కడి నుంచి మొదలుపెట్టమనండి. శాతాల్ని మాత్రం ఒక పోటీకీ ఇంకో పోటీకీ పోల్చుకోవద్దు, జడ్జి మారితే అర మార్కు సంగతి పైన చెప్పాను కదా. ఒకే అంశానికి వేర్వేరు జడ్జీలు రాసిన మాటల్ని పోల్చుకోండి. ముగ్గురు వేర్వేరు మనుషులు "బిగుతుగా ఉంది" అని రాస్తే అది బిగుతుగానే ఉంది.

గుర్రం సంగతి. పద్నాలుగేళ్ళంటే డ్రెస్సాజ్‌కి ముసలితనం కాదు, ఒంట్లో బాగుంటే ఇంకా మంచి ఏళ్ళున్నాయి. కొత్తగా దూకడం నేర్పాలంటే మాత్రం ముందు వెటర్నరీ డాక్టర్‌తో వెనక కాళ్ళ మడమ కీళ్ళు, ముందు కాళ్ళ గిట్టలు, వీపు చూపించండి. డ్రెస్సాజ్ గుర్రాలకి వెనక కీళ్ళ మీదే భారం ఎక్కువ పడి ఉంటుంది. సరే అన్నాక నేల మీద పోల్స్, తర్వాత మోకాలెత్తు అడ్డంకులు, వారానికి ఒకటో రెండో సార్లు, గడియారం లేకుండా. బ్యారెల్ రేసింగ్‌కి మాత్రం ఈ గుర్రాన్ని మార్చకండి. పూర్తి వేగంలో ఒంటి కాలి మీద తిరిగే ఆ మలుపులు చిన్నప్పటి నుంచి అలవాటు లేని కీళ్ళకి ఈ వయసులో మంచివి కావు. మీ అమ్మాయికి అదే కావాలంటే ఆ పని తెలిసిన వేరే గుర్రం మీద నేర్పించండి.